దారములేని గాలిపటము



సంక్రాంతిదినములలో సికింద్రాబాదు పరేడ్ మైదానమునకుఁ బోయి వచ్చినవారు మన చదువరులలోఁ బెక్కండ్రుందురు. అచ్చట అంతర్జాతీయ గాలిపటముల యుత్సవము 2018లోను, మరల 2024, 2025 సంవత్సరములలోను జనవరి 13 మొదలు 15 వఱకు జరిగినది. పరదేశములనుండి వచ్చినవారు చేపలవలెను పాములవలెను నుండు పెద్దపెద్ద పటముల నెగురవేయుచుండఁగా, ఒక ప్రక్క మిఠాయిల యంగళ్లు వరుసగాఁ దీర్చి యుండెను. ఇంటికి వచ్చినపిదప అందఱును మిఠాయిలనుగూర్చి మాటలాడుకొనిరి. ఆ పటములను ఆకాశమున నిలిపిన గాలినిగూర్చి మాటలాడినవారు మాకుఁ గానరాలేదు.

మన వీధులలోని డాబాలమీఁది పండుగ యింకొక తీరు. అన్న పటము నెగురవేయును. చెల్లెలు చరఖా పట్టుకొని వెనుక నిలుచును. అన్న వదులుమన్నప్పుడు వదలవలెను, చుట్టుమన్నప్పుడు చుట్టవలెను. దారము చిక్కుపడినచో తప్పు చెల్లెలిది. ఎదుటివారి పటము తెగినచో గెలుపు అన్నది. ప్రొద్దు గ్రుంకువఱకు నిలుచుండి, వ్రేళ్లు కోసికొని, ఒక్కమాఱైనను ఎగురుచున్న పటపు దారము చేతికి రాక మేడ దిగివచ్చు బాలికలను ప్రతియేఁటను చూచుచునే యున్నాము. ఒకనాఁడు మేమును చరఖా పట్టినవారమే. ఇది గొప్ప దుఃఖమని చెప్పఁబోము. కాని యీ నెల మేము వ్రాయఁదలఁచిన యాటలో, చరఖా పట్టువారివంటివారికి వేఱొక మర్యాద గలదు. అందుచేత ముందుగా దీనిని జ్ఞాపకము చేసితిమి.

ఆ యాట దారములేని గాలిపటముల యాట. ఆ పటమునకు గ్లైడరని పేరు. గ్లైడరనఁగా మోటారు లేని విమానము. మనుష్యులు లోపలఁ గూర్చుండి పోవు గ్లైడర్లును గలవు. మేము చెప్పునవి ఎవరును గూర్చుండనివి, నేలమీఁద నిలిచినవారు రేడియోతో నడుపునవి. గొప్ప పందెములలోని గ్లైడరునకు ఱెక్కలు ఈ కొననుండి ఆ కొనకు రెండు నిలువుల పొడవుండును. బరువు చూచితిమా, రెండు కిలోలకు అటునిటుగా నుండును. అప్పుడే పుట్టిన బిడ్డకంటెఁ దేలిక. కార్బన్ పోఁగులతోను, బాల్సా యను మిక్కిలి తేలికయైన కఱ్ఱతోను వానిని చేయుదురు. నడుపువారి చేతిలో నొక చిన్నపెట్టె, దానిపై రెండు చిన్న పుల్లలు. బొటనవ్రేలితో పుల్లను రవంత కదల్చినచో, అయిదాఱువందల గజముల దూరమున విమానపుఁ దోఁక కదలును. అంతకుమించి ఆ పటమునకును మనిషికిని సంబంధము లేదు. లాగి దింపుటకు దారము లేదు. గాలి చాలకపోయిన నడిపించుటకు మోటారు లేదు.

కొన్నేండ్ల క్రిందటివఱకు ఈ పెట్టెలతో నొక చిక్కుండెడిది. ఇద్దఱు ఒకే తరంగముపై తమ పెట్టెలను దెఱచినచో, ఒకరి యాజ్ఞ మఱియొకరి విమానమునకు వినవచ్చును. అది యెవరి మాట వినవలెనో తెలియక నేలఁ గూలును. అందుచేత పందెములలో అందఱి పెట్టెలను ఒకచోటఁ జేర్చి కాపలా యుంచి, వంతు వచ్చినవారికి మాత్రమే చేతి కిచ్చెడివారు. ఇప్పటి పెట్టెలు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములపైఁ బనిచేయుచు, తమ జతయైన విమానమును తామే గుఱుతించుకొనును గాన ఆ బాధ తొలఁగినది. ఒకే యింట నలుగురు పెద్దలు నాలుగు విధములుగా నాజ్ఞాపించునప్పుడు క్రొత్తకోడలు పడు పాటు ఆ పాతకాలపు విమానములకుఁ దెలిసియుండును.

ఈ యాటకుఁ బ్రపంచమంతటికిని నియమము లొక్కటే. 1905లో నేర్పడిన అంతర్జాతీయ వైమానిక సమాఖ్య, స్విట్జర్లాండు దేశమందలి లౌసాన్ పట్టణమునుండి, విమానములు బెలూనులు మొదలుకొని యీ చిన్న గ్లైడర్లవఱకు అన్ని పందెములకును నియమములు చేయుచున్నది. మన దేశమున దానికి సభ్యసంస్థ 1927లో స్థాపింపఁబడిన ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా. భారతదేశము పేర నెవరైన నిట్టి పందెమునకుఁ బోవలెనన్నచో ఆ సంస్థద్వారమునఁ బోవలసినదే. త్రాటితో లాగి ఎగురవేయు గ్లైడర్ల ప్రపంచపందెము మొదటిసారి 1998లో ఇంగ్లండునందు జరిగినది. పిమ్మట రెండేండ్ల కొకమాఱు గ్రీసు, కెనడా, టర్కీ, దక్షిణాఫ్రికా మొదలగు దేశములలో నొక్కొక్కచోట జరుగుచు వచ్చినది. ఒక్కొక్క దేశమునుండి ముగ్గురు నడుపువారు. చిన్నవయసువారికి వేఱుగా ముగ్గురు. వీరికొక నాయకుఁడు. ఎవరి పందెము వారే యాడుదురు గాని, దేశపు స్థానము నిర్ణయించునప్పుడు ముగ్గురి ఫలములను గలిపి చూతురు. ఒకఁడు ఆకాశమంత యెత్తు పోయి, తక్కిన యిద్దఱు పొదలలోఁ బడినచో ఆ దేశమునకుఁ జాల లాభము లేదు.

పందె మెట్లు జరుగునో కొంచెము నిదానముగాఁ జెప్పెదము.

మైదానమున వరుసగాఁ గొందఱు నిలుచుందురు. వారొక గుంపు. నూటయేఁబది మీటర్ల సన్నని నైలాను త్రాడొక్కటి ఒక్కొక్కరి ముందఱఁ బఱచియుండును. త్రాటి యొక కొనను గ్లైడరు పొట్టక్రింది కొక్కెమునకుఁ దగిలింతురు. రెండవ కొనవైపు ఇద్దఱు సహాయకులు సిద్ధముగా నుందురు. బూర మ్రోఁగఁగానే వా రిద్దఱును పఱుగు లంకింతురు. గ్లైడరు పటమువలెనే నిట్టనిలువున లేచును. త్రాడు రబ్బరువలె సాఁగును. పైకిఁ బోయిన గ్లైడరు ఒక్క క్షణము ముక్కు వంచి, వేగము పుంజుకొని, కొక్కెమును వదలించుకొని విల్లునుండి వెడలిన యమ్మువలె మీఁదికిఁ బోవును. ఇదంతయు నైదాఱు సెకనులలో ముగియును. వెంటనే సహాయకులు త్రాటిని చుట్టివేయవలెను. నేలపైఁ బడియున్న త్రాడు ప్రక్కవారి కడ్డమగును.

వ్యవధి పది నిమిషములు. ఆ పది నిమిషములును గుంపున కంతటికి నొక్కటే. త్రాటిని వదలినదాది గాలిలో నున్న ప్రతి సెకనునకు నొక గుణము. కావున పైకి లాగించుకొనుటలో నాలుగు సెకనులు వ్యర్థమైన నాలుగు గుణములు పోయినట్లే. అట్లని గడువు దాటి యెగిరినను లాభము లేదు. దాటినచో ముప్పది గుణములు కోసివేయుదురు. నిమిషమునకు మించి దాటినచో ఆ ప్రయత్నమంతయు సున్న. దిగవలసిన చోటునకు నేలపై నొక గుఱుతు పెట్టియుందురు. గ్లైడరు ముక్కు ఆ గుఱుతునకు జానెడులోపల నిలిచినచో నూఱు గుణములు. దూరమగుకొలఁదిఁ దగ్గుచుఁ బోవును. పది నిమిషములు ఆకాశమునఁ దిరిగిన వస్తువు, మోటారు లేనిది, కడపటి సెకనునకు సరిగా జానెడుచోట దిగవలెను! పాలు పొంగు క్షణమునకు సరిగాఁ బొయ్యికడకుఁ జేరువా రీ లెక్క సులభముగా గ్రహింతురని మా నమ్మకము.

గుంపులోఁ బ్రథముఁడుగా వచ్చినవానికి వేయి గుణము లిచ్చి, తక్కినవారికి వాని ఫలముతోఁ బోల్చి పంచుదురు. గాలి చెడ్డదైననాఁడు అందఱికిని చెడ్డదే గదా! ఉదయపుగుంపున కొక న్యాయము, మధ్యాహ్నపుగుంపున కొక న్యాయము లేకుండుట కీ యేర్పాటు. మాకీ పద్ధతి మిక్కిలి నచ్చినది. వర్షము లేని యేఁటి పంటను వర్షమున్న యేఁటి పంటతోఁ బోల్చి రైతును నిందించువారికి దీనినిఁ జూపవలెను.

ఇందు ఒకరి నొకరు కోయుట లేదు. మన పటములయాటలో గెలుపనఁగా ఎదుటివాని దారము తెగుట. ఆ తెంపుటకై నైలాను మాంజా వచ్చి, పక్షులను, బండ్లపైఁ బోవువారి కంఠములను గోయుచున్నది. జాతీయ హరిత న్యాయస్థానమువారు 2017లోనే దానిని నిషేధించిరి. అయినను 2024 జనవరిలో హైదరాబాదులో నొక సైనికోద్యోగి కంఠమునకు మాంజా తగిలి మరణించెను. గ్లైడరు పందెమునఁ బదిమంది ఒకేచోటఁ దిరిగినను, మొదట వచ్చినవాఁ డెటు చుట్టుచున్నాఁడో పిదప వచ్చినవారును అటే చుట్టుట మర్యాద.

ఇఁక గాలిమాట. గాలి కదలక యున్నచో గ్లైడరు సెకనునకు రెండు జానలకు లోపుగా దిగుచునే యుండును. నూటయేఁబది, రెండువందల మీటర్ల యెత్తునుండి యీ లెక్కన దిగినచో పది నిమిషములు నిండుట గగనము. నిండవలెనన్న ఎచ్చటనో పైకి లేచు గాలిని వెదకి దానిలోఁ జొరవలెను. ఎండకు నేల అంతటను ఒకేరీతిగా వేఁడెక్కదు. దున్నిన పొలము, ఎండుగడ్డి, బండరాళ్లు త్వరగాఁ గాఁగును. నీరును పచ్చికయు నెమ్మదిగాఁ గాఁగును. కాఁగినచోటి గాలి తేలికయై స్తంభమువలె లేచును. ఆ స్తంభములోనే గ్రద్దలు ఱెక్కలాడింపకుండ గుండ్రముగాఁ దిరుగుచుఁ బైకిఁ బోవును. మౌలాలి గుట్టవైపు మధ్యాహ్నము చూచినవా రెవరైనను దీని నెఱుఁగుదురు. ఇంగ్లీషున థర్మల్ అందురు.

ఈ స్తంభము కంటికిఁ గనఁబడదు. కనిపెట్టుటకు గుఱుతులు మాత్ర ముండును. గాలి పైకి లేచిన చోటికి నలువైపులనుండియుఁ జల్లని గాలి ప్రవహించును. అంతవఱకుఁ దూర్పునుండి మోమునకుఁ దగులుచున్న గాలి హఠాత్తుగా నాఁగినను, ప్రక్కకుఁ దిరిగినను, దగ్గఱలో నొక స్తంభము లేచినదన్నమాట. ఎండుటాకులు సుడి తిరుగుట, పిచ్చుకలు పైకెగసి పురుగులను బట్టుట, దూరమున నొక పొగ వంగుట, ఇవన్నియు గుఱుతులే. పందెమువారు చిన్న రిబ్బనులను కఱ్ఱలకుఁ గట్టి వానిని చూచుచుందురు.

చదువరులారా, ఇది మన కెన్నఁడును తెలియని విద్యయా? డాబామీఁద వడియములు పెట్టినవారిని అడుగుఁడు. పదునొకండు గంటలవేళ గుడ్డ కదలక యుండును. ఒక్క నిమిషమున ఎటనుండియో గాలి తిరిగి, గుడ్డకొన లేచి, అప్పడములు మడతపడును. తిరుగుటకు ముందు క్షణమాత్ర మాగుట, చెవులకడ వెచ్చఁదనము తెలియుట, ఇవి మన తల్లులు చెప్పకయే మనకుఁ దెలిసినవి. రాయి పెట్టుటకుఁ బఱుగెత్తుదుము. ఆ తెలివికి మనము పేరు పెట్టలేదు. ఎవరును గుణము లిచ్చుటయు లేదు.

ఇప్పుడు సహాయకులమాట. నడుపువాఁడు పందెముసేపు ఆకాశమునందలి తన విమానమునుండి చూపు మరల్పరాదు. అంత యెత్తున అది గీటంతగాఁ గనఁబడును. ఒకమాఱు చూపు తప్పిన మరలఁ గనుఁగొనుట కష్టము. కావున తక్కిన యాకాశమంతయు వాని ప్రక్కన నిలిచిన సహాయకుఁడే చూడవలెను. ఎవరి గ్లైడరు లేచుచున్నది, ఎవరిది దిగుచున్నది, గ్రద్ద యెటు తిరిగినది, రిబ్బ నెటు వంగినది, ఎన్ని నిమిషములు మిగిలినవి, ఇవన్నియు మెల్లగా వాని చెవిలోఁ జెప్పుచుండవలెను. చివరి నిమిషమున సెకనులను లెక్కించి వినిపించవలెను. ఎక్కువ చెప్పిన నడుపువాఁడు గాభరాపడును. తక్కువ చెప్పిన దారితప్పును. మంచి నడుపువారు మంచి సహాయకుని బంగారమువలెఁ జూచుకొందురట. చూచుకొనక యెట్లు తీఱును?

మాకు మిక్కిలి ముఖ్యముగాఁ దోఁచిన దేమనఁగా, ఒక గుంపులోఁ ద్రాడు లాగినవాఁడే తరువాతి గుంపులోఁ బెట్టె పట్టును. పెట్టె పట్టినవాఁడు త్రాడు లాగును, ప్రక్కన నిలిచి గాలిని చెప్పును. దేశమునకు ముగ్గురే గదా! ఒకరి కొకరు కాళ్లును గన్నులును గాక పని జరుగదు. లాగుట తెలియనివానికి లాగించుకొనుటయుఁ దెలియదని వారి యభిప్రాయము కాఁబోలు.

విరాటపర్వము చదివినవారికి ఉత్తరగోగ్రహణము జ్ఞాపకమునకు వచ్చును. ఉత్తరకుమారుఁడు యుద్ధమునకుఁ బోవునప్పుడు బృహన్నల సారథియై రథ మెక్కెను. కౌరవసేనను చూచి రాజకుమారునకు ధైర్యము చెడఁగా, బృహన్నల విల్లు పట్టెను. ఉత్తరుఁడు పగ్గములు పట్టెను. పగ్గములు పట్టుట యాతని కవమానము కాలేదు. అదియే యాతనిని రక్షించినది. ఆ కథలోనే ఉత్తర యను బాలిక యున్నది. ఆమె యడిగినది తన బొమ్మలకు రంగురంగుల వస్త్రములు. అంతకుమించి యడుగుమని ఆమెకుఁ జెప్పినవా రెవరు?

గడచిన మాసమున మా పొరుగింటి పెద్దమ్మగారు మధ్యాహ్నమున మాయింటికి వచ్చి, చాపమీఁద గూర్చుండి, చాలసేపు పసుపుకొమ్ముల వెలనుగూర్చి మాటలాడిరి. లేచిపోవుచు అసలుమాట చెప్పిరి. ఆమె మనుమరాలు పదునాలుగేండ్ల బాలిక. ఆ పిల్ల చదువు పాఠశాలలోఁ గొందఱు పిల్లలు చేరి చిన్నగ్లైడర్లు చేయుచున్నారు. వేఱొక యూర జరుగు పందెమునకు మువ్వురిని పంపవలసియున్నది. ఇద్దఱు బాలురు, ఈ పిల్ల. తల్లి సంతకము కావలెను. "అమ్మాయీ, నీ మాటంటే మా కోడలికి గురి. వద్దని చెప్పు" అని పెద్దమ్మగారు మా చేయి పట్టుకొనిరి.

ఎందుకు వలదని యడిగితిమి. ఎండలో నల్లఁబడునన్నారు. అది పెద్దమాట గాదని ఆమెకును దెలియును. చదువు చెడునన్నారు, పిల్ల లెక్కలలో మొదటిది. కొంతసేపటికి నిజమైన మాట వచ్చినది. మైదానములు ఊరిబయట నుండును. చీఁకటిపడిన పిదప ఇంటి కెవరు తెత్తురు? మేము నవ్వలేదు. ఇట్టి భయమును చాదస్తమని త్రోసివేయు చదువుకొన్నవారు గలరు. వారి కూఁతుండ్రు మాత్రము కారులో వచ్చుచుందురు. ఆ ప్రశ్నకు జవాబు కావలసినదే. కాని ఆ జవాబు పిల్లను ఇంట నుంచుట గాదు. మువ్వురితోడను ఒక తల్లియో, ఒక యుపాధ్యాయురాలో పోవలెనని పాఠశాలవారిని అడుగుట. ఆ మాటయే చెప్పితిమి.

ఆ సాయంకాలమే పిల్ల స్వయముగా వచ్చినది. ఏడ్చుచు వచ్చునేమో యనుకొంటిమి, ఏడ్వలేదు. "పిన్నిగారూ, రెండేళ్ళ నుంచి అన్నయ్య విమానానికి నేనే త్రాడు లాగుతున్నాను. గాలి ఎటు తిరిగిందో నేనే చెబుతున్నాను. ఇప్పుడు పెట్టె నా చేతికి వస్తుందంటే వద్దంటున్నారు" అన్నది. మేము దానికి జవాబు చెప్పలేదు. తల్లి రెండుమాటలు మాయింటికి వచ్చి పోయినది. కాగితమింకను వారి బీరువాలోనే యున్నది. గడువు ఈ నెలాఖరు.

పెద్దమ్మగారివంటివారు మఱియొక మాటయు నందురు: ఆకాశము మగవారిదని. ఆ మాట మన యూరికి నప్పదు. మన మేడలపైనుండి పోవు శిక్షణవిమానములు హకీంపేటవి. 2016 జూన్ 18వ తేదీన దుండిగల్లులోని వాయుసేనా విద్యాలయమునుండి అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు యుద్ధవిమానముల శాఖకు మన దేశమునఁ దొలిసారిగా నియమింపఁబడి వెలువడిరి. వారును హకీంపేటలో శిక్షణ పొందినవారే. ఎన్.సి.సి. వాయువిభాగమున బాలికలకుఁ గూడఁ జిన్న విమానములు చేయు విద్యను నేర్పుచున్నారు.

అయితే మన యూర రేడియో గ్లైడరు నెగురవేయుట కొక చిక్కున్నది. ఒకవైపు బేగంపేట విమానాశ్రయము. ప్రయాణికుల విమానములు 2008లో శంషాబాదునకు మాఱినను విమానములు దిగుట మానలేదు. మఱియొకవైపు హకీంపేట. నడుమ దండు ప్రదేశము. భారతప్రభుత్వమువారు 2021లో చేసిన డ్రోను నియమములు దేశమంతటి యాకాశమును ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎఱుపు భాగములుగా విభజించినవి. ఆకుపచ్చభాగమున నియమిత మగు నెత్తువఱకు అనుమతి యక్కఱలేదు. విమానాశ్రయములను చుట్టియున్న పసుపుభాగమున ఆకాశమార్గముల యధికారుల యనుమతి కావలెను. ఎఱుపుభాగమున కేంద్రప్రభుత్వము వారిది. కావున పిల్లలు ముచ్చటపడిరని పెట్టెయు గ్లైడరును గొని జింఖానా మైదానమునకుఁ దీసికొని పోరాదు. ముందు పటము చూడవలెను. ఊరికి దూరమైన బయళ్లను వెదకవలెను. చీఁకటి ప్రశ్న మరల వచ్చుట ఇందుచేతనే.

ధనవంతుల యాటగదా యని కొందఱందురు. పెద్దపందెముల గ్లైడర్లు వెలగలవే, కాదనము. వేఱొక తీరు పందెమును గలదు. అందు త్రాడు లాగువా రక్కఱలేదు. గ్లైడరు ముక్కున చిన్న విద్యుచ్ఛక్తి మోటారుండును. దానిని ముప్పది సెకనులకు మించి నడుపరాదు. లోపలి యంత్ర మొక్కటి ఎంత యెత్తు పోయినదో వ్రాసికొనును. ఆ యెత్తునకు మీటరు కరగుణముచొప్పున కోఁత. రెండువందల మీటర్లు దాటినచో మీటరునకు మూఁడు! తక్కువ యెత్తునకే మోటారు నాఁపి, గాలి నమ్ముకొని పది నిమిషములు గడపినవానిదే గెలుపు. ఈ తీరు ప్రపంచపందెము 2019లో స్లొవాకియా దేశపు త్ర్నావా పట్టణమున జరిగినది. ఒక సిలిండరును నెల దాటించు గృహిణులు ఈ పందెమునఁ గూర్చుండిన మంచి స్థానమే వచ్చును.

ఇంకను సులభమైన దున్నది. దానికి మోటారు లేదు, రేడియో లేదు, అనుమతియు నక్కఱలేదు. ఇంట పాత థర్మకోలు పలక యొకటి చాలును. మూఁడు జానల పొడవు, అఱచేతి వెడల్పుగల ఱెక్కను సన్నగాఁ గోయుఁడు. ఒంటిజానెడు పొడవుగల చిన్న ఱెక్క తోఁకకు. నిలువున నిలుచు ముక్క యొకటి దానిపై. మూఁడును నిలువరముగా నుండుటకు చీపురుపుల్లలను గట్టగాఁ గట్టి దూలముగాఁ బెట్టుఁడు. ఱెక్కను దూలముపై ముందుభాగమున జిగురుతో నతికి, ఱెక్కకొనలను కొంచెము పైకెత్తి యుంచుఁడు. లేకున్న ప్రక్కకు దొర్లును. ముక్కున మైదాముద్దగాని, పిల్లల మట్టిగాని యంటింపుఁడు. ఱెక్క వెడల్పులో ముందునుండి మూఁడవవంతుకడ రెండువ్రేళ్ల కొనలపై నిలిపిన తూఁగవలెను. తూఁగువఱకు ముద్దను పెంచుఁడు, తగ్గింపుఁడు.

విసరునప్పుడు బలము వలదు. గాలి వచ్చుచున్న వైపునకుఁ దిరిగి, ముక్కు రవంత వంచి, చేతినుండి జాఱవిడిచినట్లు పంపవలెను. పైకిఁ బోయి ఆఁగి పడినచో ముక్కుబరువు చాలదు. నేరుగా నేలఁ గ్రుచ్చుకొన్నచో బరువు హెచ్చు. నాలుగుమాఱులు సవరించినచో డాబా యీ చివరనుండి ఆ చివరకు హంసవలెఁ బోవును. పిట్టగోడ యెత్తులేని డాబాపై చిన్నపిల్లలను విడువకుఁడు. దాని వెంటఁ బఱుగెత్తుచు అంచును చూడరు. ఇంట నిద్దఱు పిల్లలున్నచో ఒకరు విసరుట, ఒకరు తెచ్చుట, మరుసటిమాఱు మార్చుకొనుట యని ముందే యేర్పాటు చేయుఁడు.

జాడీలలోని క్రొత్తావకాయకు నూనె తేలుటలేదని వ్రాసిన సోదరీమణులకు వచ్చు నెల బదులు వ్రాయుదుము.